గింజలు ఉడకడానికి ఎంత అడవి కావాలి?

నైరోబీ నగరం సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. మచిలీపట్నంలో నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగితే, అక్కడ 94 డిగ్రీలకే మసిలిపోతాయి. కింద ఎంత మంట పెట్టినా సరే, మామూలు కుండలో నీటి వేడి ఆ గీత దాటదు. టీ కాచుకునేవారికి దీనితో పెద్ద ఇబ్బందేమీ లేదు. గిథేరి వండే ఇల్లాలికి మాత్రం ఆ ఆరు డిగ్రీలు చాలా ముఖ్యం. ఎండు మొక్కజొన్న గింజలు, రాజ్మా లాంటి ఎండు చిక్కుడు గింజలు కలిపి ఉడకబెట్టే వంట గిథేరి. కికుయూ ప్రజల ఇళ్లలో పుట్టి, కెన్యా అంతటా బడిపిల్లల భోజనంగా, కూలీల మధ్యాహ్నపు తిండిగా స్థిరపడింది. గింజ మెత్తబడాలంటే దాని కణాల గోడల్లోని పెక్టిన్ కరగాలి, లోపలి పిండిపదార్థం నీరు పీల్చి ఉబ్బాలి. ఈ మార్పుల వేగం వేడిని బట్టి ఉంటుంది. స్థూలంగా పది డిగ్రీలు పెరిగితే రెట్టింపవుతుంది. అంటే సముద్రతీరంలో రెండు గంటల్లో ఉడికే గింజకు నైరోబీలో మూడు గంటలు పడుతుంది.

ఆ మూడు గంటల మంట ఎక్కడిది?

నైరోబీ పేదపేటల్లో చాలా ఇళ్లకు ఆ మంట కట్టెబొగ్గుది. జీకో అని పిలిచే కుంపటిలో బొగ్గులు రాజేసి, కుండ ఎక్కించి, వేరే పనులు చూసుకుంటూ మధ్యమధ్యలో నీళ్లు పోస్తుంటారు. అలా నీళ్లు ఎందుకు పోయాల్సి వస్తుందో ఆలోచిస్తే వంట వెనకున్న భౌతికశాస్త్రమంతా బయటపడుతుంది. అర కిలో గింజలు, లీటరున్నర నీళ్లు పోశామనుకుందాం. ఈ రెండు కిలోల సరుకును గది వేడి నుంచి మరిగే దాకా తేవడానికి కావలసిన శక్తి సుమారు 0.6 మెగాజౌళ్లు. కరెంటు లెక్కలో చెప్పాలంటే యూనిట్‌లో ఆరో వంతు. ఒకసారి మరిగాక ఆ వేడి అలాగే నిలిస్తే చాలు, గింజ దాని మానాన అది ఉడుకుతుంది. కుంపటి మాత్రం ఆగదు. అది అదనంగా ఇచ్చే వేడి నీటిని ఆవిరి చేయడానికి, గిన్నె పక్కల నుంచి గాలిలో కలవడానికి పోతుంది. లీటరు నీరు ఆవిరైపోవడానికి 2.26 మెగాజౌళ్లు కావాలి. గింజల్ని మరిగే దాకా తేవడానికి పట్టిన శక్తికి ఇది దాదాపు నాలుగు రెట్లు. కుండలో మళ్లీ మళ్లీ పోసే నీళ్లన్నీ అలా కాలిపోయిన బొగ్గుకు లెక్క చెబుతున్నట్టే.

ఇక వెనక్కి నడుద్దాం. ఆ కుండకు కిలో బొగ్గు పట్టిందనుకుంటే అందులో ఉన్న శక్తి 29 మెగాజౌళ్ల చొప్పున ఉంటుంది. మంచి కుంపటి అయితే అందులో పావు వంతు, అంటే ఏడు మెగాజౌళ్లు గిన్నెకు చేరతాయి. ఆ కిలో బొగ్గు తయారవ్వాలంటే, కట్టెలు పేర్చి మట్టి కప్పి రోజుల తరబడి కాల్చే బట్టీలో ఐదు నుంచి పది కిలోల కట్టె తగలబడాలి. ఏడు కిలోలనుకుందాం. కిలోకు 16 చొప్పున అది 112 మెగాజౌళ్ల కట్టె. అంటే అడవిలో 112, బొగ్గుల బస్తాలో 29, గిన్నెలో 7, నిజంగా గింజలు అడిగినది 0.6. నూటికి ఒక వంతు కూడా కాదు. ఇవన్నీ సగటు విలువలతో వేసిన అంచనాలే. బట్టీ బాగుంటే కొంత మెరుగుపడుతుంది, కట్టె పచ్చిగా ఉంటే ఇంకా దిగజారుతుంది. అయినా వృథా ఏ స్థాయిలో ఉందో తెలుసుకోవడానికి ఈ నాలుగు అంకెలు చాలు. పైగా మట్టి బట్టీలో గాలి చాలక కట్టె సగం సగం కాలుతుంది కాబట్టి కార్బన్ డయాక్సైడ్‌తో పాటు మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ కూడా వెలువడతాయి. కొనేవాళ్లకు ఇవేవీ కనిపించవు. వాళ్లకు బొగ్గు అంటే కట్టెకన్నా తేలికైనది, పొగ తక్కువది, ఇరుకు గదిలో ఒక మూలన దాచుకోదగినది. పట్నం అవసరాలకు అది చక్కగా అమరింది కనుకనే ఇంతకాలం నిలిచింది.

సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో వంద కోట్లకు దగ్గరగా జనం ఇప్పటికీ కట్టె, బొగ్గు, కిరోసిన్ వంటి వాటితోనే వండుకుంటున్నారు. ఆసియాలో ఈ సంఖ్య ఏటా తగ్గుతోంది. ఆఫ్రికాలో మాత్రం జనాభా పెరుగుదల ముందు కొత్త కనెక్షన్లు చాలక పెరుగుతూ వచ్చింది. ఇంటి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో రెండు లక్షల ముప్ఫై ఏడు వేలకు పైగా ఐదేళ్లలోపు పిల్లలు. వాతావరణం సంగతి చూస్తే, 2015లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చిన ఒక విస్తృత అధ్యయనం ప్రకారం వంటచెరకు, కట్టెబొగ్గుల నుంచి ఏటా 100 నుంచి 120 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడుతున్నాయి. ప్రపంచ ఉద్గారాల్లో ఇది సుమారు రెండు శాతం. అదే అధ్యయనం మరో ముఖ్యమైన మాట చెప్పింది. కొట్టిన కట్టెలో మూడు వంతుల్లో సుమారు ఒక వంతు మాత్రమే తిరిగి మొలవని కట్టె. మిగతా కట్టె వదిలిన కార్బన్‌ను చెట్టు మళ్లీ చిగురించినప్పుడు గాలిలోంచి తిరిగి పీల్చుకుంటుంది. కట్టె పొయ్యి వెలిగించే ప్రతి ఆడమనిషినీ అడవుల హంతకురాలిగా చూపే ప్రచారం చాలా కాలంగా సాగుతోంది. అది శాస్త్రం చెప్పిన మాట కాదు. ప్రపంచాన్ని వేడెక్కించినవారి జాబితాలో ఆమె పేరు ఎక్కడో చివర ఉంటుంది. ఆమె వంటను మార్చడానికి మొదటి కారణం ఆమె ఊపిరితిత్తులు, ఆమె సమయం, ఆమె డబ్బు కావాలి. కార్బన్ ఆ తర్వాత వచ్చే లాభం.

ఆ మూడింటికీ ఒకేసారి పనికొచ్చే పరికరం ఒకటి ఉంది. మూత బిగించి నీటి ఆవిరిని లోపలే పట్టి ఉంచితే నీరు 100 డిగ్రీలు దాటి వేడెక్కుతుందని, గట్టి ఎముకలు సైతం మెత్తబడతాయని 1679లో దెనీ పాపాఁ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త లండన్‌లో చూపించాడు. మన ఇళ్లలో విజిల్ వేసే కుక్కర్ ఆ వంశంలోదే. దానికి కరెంటు చుట్ట, వేడి బయటికి పోకుండా రెండు పొరల గోడ, ఉష్ణోగ్రతను చూసుకుంటూ తనంతట తానే కరెంటు ఆపి మళ్లీ ఇచ్చే నియంత్రణ కలిపితే ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ అయింది. బయటి గాలికన్నా సుమారు 70 కిలోపాస్కల్స్ ఎక్కువ ఒత్తిడిలో అది పనిచేస్తుంది. నైరోబీ ఎత్తులో ఆ ఒత్తిడికి నీరు 112 డిగ్రీల దాకా వెళుతుంది. 94 నుంచి 112 అంటే పద్దెనిమిది డిగ్రీల తేడా, ఉడికే వేగంలో మూడున్నర రెట్లు. మూడు గంటల గిథేరి గంటలోపు అయిపోతుంది. ఆవిరి బయటికి పోదు, కనుక లీటరుకు 2.26 మెగాజౌళ్ల ఆ జరిమానా తప్పుతుంది. ఒకసారి ఒత్తిడి ఎక్కాక కరెంటు ఎక్కువసేపు ఆగే ఉంటుంది. మొత్తం వంటకు అర యూనిట్ కూడా పట్టదు. ఇంతలో కరెంటు పోయినా లోపలి వేడి కొంతసేపు నిలిచి గింజల్ని ఉడికిస్తూనే ఉంటుంది. కోతలు ఎక్కువగా ఉన్న దేశాల్లో ఈ గుణం చాలా విలువైనది.

ఆ అర యూనిట్ ఎక్కడి నుంచి వస్తుందన్నది తర్వాతి ప్రశ్న. కెన్యా విషయంలో జవాబు చాలా బాగుంటుంది. నైవాషా సరస్సు దగ్గర ఓల్కారియాలో భూమి లోపలి వేడితో తీసే ఆవిరి, తానా నది మీది జలవిద్యుత్తు, తుర్కానా సరస్సు పక్కన 310 మెగావాట్ల గాలిమరలు కలిపి దేశపు కరెంటులో పదింట తొమ్మిది వంతులు పునరుత్పాదకమే. దక్షిణాఫ్రికాలో ఇదే కుక్కర్ పెడితే లెక్క మారుతుంది. అక్కడి కరెంటు చాలావరకు రాక్షసిబొగ్గుదే. కాబట్టి తక్కువ కార్బన్ వంట అన్నది పరికరం మీద అంటించే ముద్ర కాదు. గిన్నె, తీగ, పవర్ స్టేషన్ మూడూ కలిస్తే తేలే లెక్క.

కెన్యాలో తీగ కూడా చాలా ఇళ్లకు చేరింది. 2019 జనాభా లెక్కల్లో 50.4 శాతం కుటుంబాలు ఇంట్లో వెలుగుకు గ్రిడ్ కరెంటే వాడుతున్నట్టు తేలింది. కరెంటును ప్రధానంగా వంటకు వాడే కుటుంబాలు 0.9 శాతం. కట్టె మీద వండేవారు 55.1, గ్యాస్ మీద 23.9, కట్టెబొగ్గు మీద 11.6 శాతం. అప్పటికి సగం ఇళ్లలో బల్బు వెలిగేది, నూటికి ఒక్క ఇంట్లో కూడా ప్రధానంగా దానితో అన్నం ఉడికేది కాదు. కరెంటుతో వంట చాలా ఖరీదన్న నమ్మకం దీనికి పెద్ద కారణం. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. చుట్ట ఎర్రగా కాలే హాట్ ప్లేట్ మీద మూడు గంటలు గింజలు ఉడికిస్తే నిజంగానే బిల్లు పేలిపోతుంది.

2019లో మొదలైన మోడరన్ ఎనర్జీ కుకింగ్ సర్వీసెస్ అనే పరిశోధన కార్యక్రమం ఈ నమ్మకాన్ని వంటింట్లోకే వెళ్లి పరీక్షించింది. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో లఫ్‌బరో విశ్వవిద్యాలయం నడిపే ఈ కార్యక్రమంలో ప్రపంచ బ్యాంకు విభాగం కూడా భాగస్వామి. పద్ధతి చాలా సాదాసీదాగా ఉంటుంది. కెన్యా, టాంజానియా, జాంబియా వంటి దేశాల్లో కొన్ని కుటుంబాలను తీసుకుని వంట డైరీలు రాయించారు. ఏ పూట ఏం వండారు, ఎంతమందికి, ఎంతసేపు, వంటకు ముందు బొగ్గు ఎంత, తర్వాత ఎంత అని ప్రతి వంటకూ రాయాలి. కొన్ని వారాలు పాత పొయ్యి మీద, ఆ తర్వాత కరెంటు మీద. ఇంజనీర్లు ప్రయోగశాలలో నీళ్లు మరగబెట్టి పొయ్యి సామర్థ్యం తేల్చడం పాత అలవాటు. ఇక్కడ కొలమానం నీళ్లు కాదు, ఉగాలి, మహరాగ్వే, మటోకే, సుకుమా వికీ వంటి అక్కడి రోజువారీ వంటలు. ఈ తేడాను నేను చాలా గొప్పదిగా భావిస్తాను. ఎవరూ నీళ్లు మరిగించుకుని తాగి పడుకోరు.

ఆ డైరీల్లో తేలిన విషయాలు మన వంటింటికి కొత్తవి కావు. గంటలు పట్టే గింజలు, ఎముకలున్న మాంసం, నానబెట్టిన మొక్కజొన్న విషయంలో ప్రెషర్ కుక్కర్ బొగ్గు ఖర్చులో చిన్న వంతుకే పని ముగించింది. కూరలు వేయించడం, ఉగాలి కెలకడం వంటి పనులకు లాభం తక్కువ. చపాతీలకు అది పనికిరాదు. మొదట్లో చాలామంది అది పేలుతుందేమోనని భయపడ్డారు. కొందరు దాన్ని గింజల యంత్రంగా మాత్రమే చూశారు. ఎవరైనా పక్కన నిలబడి అందులోనే ఉల్లిపాయ వేయించడం, మూత పెట్టకుండా కూర వండడం చూపించాకే వాడకం పెరిగింది. ఆ పాఠంతో కెన్యా వంటలకే ప్రత్యేకంగా కరెంటు వంటల పుస్తకం అచ్చు వేశారు. ఒక్కో వంటకు బొగ్గు మీద ఎంత ఖర్చు, గ్యాస్ మీద ఎంత, కుక్కర్‌లో ఎంత అని షిల్లింగుల్లో పక్కపక్కన ఇచ్చారు. వాతావరణ మార్పు మీద వచ్చిన ఎన్నో నివేదికలకన్నా ఆ పుస్తకం ఎక్కువ పని చేసే రకం అని నా నమ్మకం.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం, అసలు చిక్కు అక్కడే ఉంది. బొగ్గు ఖరీదైనదని లెక్క చెప్పడం తేలిక. అయినా పేదవాళ్లు దాన్నే కొంటారు, ఎందుకంటే ఆ పూట కూలితో ఆ పూటకు సరిపడా కొనవచ్చు. వీధి చివర అంగట్లో పాత నూనె డబ్బాతో కొలిచి పోస్తారు. తెలిసినవాళ్లకు అప్పు కూడా పెడతారు. దుకాణం నడిచే దూరంలో ఉంటుంది, రాత్రి దాకా తెరిచే ఉంటుంది. అంటే బొగ్గు అమ్మేవాడు సరుకుతో పాటు ఒక సేవ అమ్ముతున్నాడు. దానికి పోటీగా సంస్థలు ముందుకు తెచ్చింది ఏమిటి? ఒకేసారి వేల షిల్లింగులు పోసి కొనాల్సిన కుక్కర్, లేదా ఒకేసారి నింపించుకోవాల్సిన సిలిండర్. నెలజీతం లేని ఇంటికి ఈ రెండూ అందనివే. కొత్త తరం ప్రయత్నాల్లో నిజమైన మార్పు ఇక్కడే కనిపిస్తుంది. 2007లో మొదలైన ఎం-పెసాతో కెన్యాలో ఫోన్ నుంచి చిల్లర డబ్బు పంపడం ఇంటింటి అలవాటైంది. దాని ఆధారంగా సిలిండర్‌కు చిన్న మీటర్ బిగించి, కట్టిన డబ్బుకు తగినంత గ్యాసే వదిలే పద్ధతి వచ్చింది. చెరకు మడ్డి లాంటి వాటి నుంచి తీసే ఎథనాల్‌ను వీధి దుకాణంలోని యంత్రం దగ్గర కావలసినంత పట్టుకునే ఏర్పాటు నైరోబీ పేటల్లోకి వచ్చింది. కరెంటు కుక్కర్లను వాయిదాల మీద ఇచ్చి, నెలనెలా బిల్లుతో కలిపి వసూలు చేసే పథకాలు మొదలయ్యాయి. యుగాండా విద్యుత్ నియంత్రణ సంస్థ 2022 నుంచి వంటకు ఉపయోగపడేలా నెలవారీ వాడకంలో ఒక శ్లాబుకు తక్కువ ధర పెట్టింది. పన్ను ఎటు తిరిగితే పొయ్యి అటు తిరుగుతుందనడానికీ సాక్ష్యముంది. 2021లో కెన్యా వంటగ్యాస్ మీద 16 శాతం విలువ ఆధారిత పన్ను మళ్లీ వేసింది. మరుసటి ఏడాది దాన్ని సగానికి తగ్గించి, 2023లో పూర్తిగా తీసేయాల్సి వచ్చింది.

గ్యాస్ కూడా శిలాజ ఇంధనమే కదా అని అభ్యంతరం చెప్పేవారున్నారు. మసి, మీథేన్, తిరిగి మొలవని కట్టె అన్నీ కలిపి చూస్తే, బొగ్గు మానేసి గ్యాస్ వాడే ఇల్లు భూమిని తక్కువగానే వేడెక్కిస్తుంది. తీగ చేరని ఊళ్లో గ్యాస్‌ను వద్దనడం న్యాయం కాదు. తీగ చేరిన చోట మాత్రం గ్యాస్ దగ్గర ఆగిపోనక్కర్లేదు.

ఈ సేవలకు పెట్టుబడిలో చాలా భాగం కార్బన్ క్రెడిట్ల నుంచి వచ్చింది. కెన్యాలో ఒక ఇల్లు బొగ్గు మానేస్తే తగ్గిన కార్బన్‌ను టన్నుల్లో లెక్కగట్టి, ఎక్కడో విమాన కంపెనీకో సాఫ్ట్‌వేర్ కంపెనీకో అమ్ముతారు. ఆలోచన మంచిదే, కొలత మాత్రం చెడింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో నేచర్ సస్టెయినబిలిటీ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, తాము చూసిన పొయ్యి పథకాలు నిజంగా తగ్గించినదానికి 9.2 రెట్లు క్రెడిట్లు తీసుకున్నాయని తేలింది. కారణాలు ఊహించదగినవే. ఇచ్చిన ప్రతి పొయ్యినీ రోజూ వాడుతున్నారని లెక్కేశారు, పాత పొయ్యి పూర్తిగా ఆరిపోయిందనుకున్నారు, కొట్టిన కట్టెలో చాలా భాగం తిరిగి మొలవదని రాసుకున్నారు. అదే అధ్యయనం ఒక దారి కూడా చూపింది. వాడకాన్ని మీటర్‌తో కొలిచే పద్ధతుల్లో ఈ ఉబ్బు చాలా తక్కువ. కరెంటు కుక్కర్, మీటరున్న గ్యాస్ ఈ పరీక్షకు నిలబడతాయి, ఎందుకంటే యూనిట్లు అబద్ధం చెప్పవు. అయినా ఒక ఇంటి రాత్రి భోజనం ఖర్చు విదేశీ కంపెనీ కొనే క్రెడిట్ ధర మీద ఆధారపడటం నాకు ఆందోళన కలిగిస్తుంది. ఆ మార్కెట్ పడిపోయిన రోజు ఇంధనం ధర పెరుగుతుంది, ఇల్లాలు మళ్లీ నూనె డబ్బా కొలత దగ్గరికి వెళుతుంది.

పొయ్యిలు పంచడం కొత్త పనేమీ కాదు. 1980లలో థాయిలాండ్ బకెట్ పొయ్యి నమూనా నుంచి పుట్టిన కెన్యా సిరామిక్ జీకో, బయట రేకు, లోపల మట్టి పూతతో బొగ్గును గణనీయంగా ఆదా చేసింది. స్థానిక రేకు పనివాళ్లు, కుమ్మరులే చేసి అమ్మారు కాబట్టి లక్షల ఇళ్లకు చేరింది. చాలా పథకాలకు ఆ అదృష్టం పట్టలేదు. గ్రామీణ మలావీలో ఫ్యాన్ బిగించిన మెరుగైన కట్టె పొయ్యిలు ఇచ్చి, పదివేలకు పైగా చిన్నపిల్లల్ని రెండేళ్లు గమనించిన పరీక్ష ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. న్యుమోనియా తగ్గలేదు. ఇంట్లో ఒక పొయ్యి మారినా పక్కింటి పొగ, చెత్త మంటలు, పాత మూడు రాళ్ల పొయ్యి అలాగే ఉన్నాయి. గుజరాత్ పల్లెల్లో వంటవేళ స్త్రీలు పీల్చే పొగను 1980లలోనే కొలిచి ఈ శాస్త్రానికి పునాది వేసిన కిర్క్ స్మిత్ జీవితంలో చివరి దశాబ్దంలో ఇదే వాదించారు. దొరికే కట్టెను శుభ్రంగా మండించాలని తంటాలు పడేకన్నా, శుభ్రమైన గ్యాస్‌నూ కరెంటునూ అందరికీ దొరికేలా చేయడమే మేలని ఆయన మాట. 2020లో ఆయన మరణించారు.

అట్లాంటిక్ దాటి కరీబియన్ దీవుల్లోకి వెళితే ఇదే ప్రశ్న ఇంకోలా ఎదురవుతుంది. హైతీలో పదిళ్లలో తొమ్మిదింటికి కట్టె, కట్టెబొగ్గే వంటకు ఆధారం. రాజధాని పోర్టో ప్రాన్స్‌కు పల్లెల నుంచి బొగ్గు బస్తాలు లారీల్లో వస్తాయి. బియ్యంతో చిక్కుడు గింజలు కలిపి వండే అన్నం అక్కడి రోజువారీ తిండి, అంటే మళ్లీ గంటల మంట. ఆ బొగ్గులో కొంత బయావోన్ అనే ముళ్లచెట్టుది. కొట్టేసిన మొదలు నుంచి మళ్లీ పిలకలు వేసే చెట్టు అది. తెలుగువాళ్లకు ఆ చెట్టు జాతి బాగా తెలుసు, మన బీళ్లనూ చెరువు కట్టలనూ ఆక్రమించిన సర్కారు తుమ్మ అదే. 1870లలో మద్రాసు అటవీ అధికారులు జమైకా నుంచి గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారని అటవీశాఖ చరిత్ర చెబుతుంది. ఆ చెట్టుతో మన మెట్ట జిల్లాల్లో బొగ్గు బట్టీలు ఇప్పటికీ కాలుతున్నాయి. హైతీలో చెట్టు చిగురిస్తోంది కాబట్టి అక్కడి బొగ్గు మొత్తాన్నీ అడవుల నాశనంగా లెక్కేయడం తప్పని క్షేత్రస్థాయి పరిశోధకులు చెబుతున్నారు. ఆ మాట నిజమే అయినా, ఇరుకు గదిలో బొగ్గు ముందు కూర్చునే మనిషి పీల్చే కార్బన్ మోనాక్సైడ్ తగ్గదు. హైతీ గ్రిడ్ బలహీనం, పోర్టో ప్రాన్స్‌లో చాలా పేటలు ముఠాల గుప్పిట్లో ఉన్నాయి. అక్కడ ముందుగా అడగవలసినది కరెంటు కుక్కర్ కాదు, గ్యాస్ డిపో దాకా ప్రాణభయం లేకుండా వెళ్లి వచ్చే దారి.

జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్ వంటి చోట్ల గ్యాస్ పొయ్యి ఎప్పుడో ఇంటింటికీ చేరింది. సెయింట్ లూసియా కుమ్మరులు చేసే మట్టి కుంపటి ఇప్పుడు పండగ వంటకు, తుపాను రోజులకు. జమైకాలో క్రిస్మస్ భోజనానికి పచ్చి కందులు వేసి అన్నం వండుతారు. ఈ కంది మన ఉపఖండంలో పుట్టి ఆఫ్రికా మీదుగా అక్కడికి చేరిన పంటే. ఆ దీవుల్లో చిక్కు కరెంటు దగ్గర ఉంది. చాలా చోట్ల దిగుమతి చేసుకున్న డీజిల్, ఫర్నేస్ ఆయిల్‌తోనే కరెంటు తీస్తారు. అది ఖరీదైనది, కార్బన్ ఎక్కువ. డీజిల్ కరెంటుతో వండితే గ్యాస్ కన్నా లాభం ఉండకపోవచ్చు. ఇంటికప్పు సౌరఫలకలు, డొమినికాలో భూగర్భ వేడితో కరెంటు వంటి పనులు ముందుకు సాగితేనే అక్కడ కరెంటు కుక్కర్‌కు అర్థం. 2024 జూలైలో బెరిల్ తుపాను గ్రెనడాకు చెందిన కారియాకూ దీవిని చితకగొట్టినప్పుడు తీగలన్నీ నేలకూలాయి. అలాంటి వాతావరణంలో ఏ ఇల్లూ ఒకే పొయ్యిని నమ్ముకోలేదు.

తుపాను లేకపోయినా తీగ మోసం చేయగలదు. జాంబియాలో నగరాల్లో చాలా ఇళ్లు ఒకప్పుడు కరెంటు మీదే వండేవి. ఆ కరెంటు దాదాపుగా జలవిద్యుత్తే. 2024లో ఎల్‌నినో కరువుకు కరీబా జలాశయం అడుగంటి రోజుకు ఇరవై గంటల దాకా కోతలు పడ్డాయి. లుసాకాలో బొగ్గు బస్తాలకు మళ్లీ గిరాకీ పెరిగింది. వాతావరణ మార్పు వల్ల ఎండిన నది, మనుషుల్ని తిరిగి అడవి వైపు తోసింది. గ్రిడ్‌ను ఒకే వనరు మీద నిలబెట్టకపోవడం వంటింటి విధానంలో భాగమే అవుతుంది.

మన దగ్గర ఈ ప్రయాణం వేరేలా సాగింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం స్వయం సహాయక సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్ డిపాజిట్ కట్టింది. 2016లో ఉజ్వల దేశమంతటా అదే పని పెద్ద ఎత్తున చేసింది. రెండింటిలోనూ మొదటి సిలిండర్ వచ్చింది, రెండోది కొనడం దగ్గర చాలా ఇళ్లు ఆగిపోయాయి. కనెక్షన్ల సంఖ్యను విజయంగా ప్రకటించడంలో ఉన్న లోపాన్ని మనం ఖర్చు పెట్టి నేర్చుకున్నాం. ఆఫ్రికా దేశాలు చిల్లరగా చెల్లించే మీటర్లతో మొదలుపెట్టడం ఆ విధంగా మనకన్నా తెలివైన అడుగు.

2024 మేలో పారిస్‌లో ఆఫ్రికా వంట మీద జరిగిన సదస్సులో ప్రభుత్వాలు, కంపెనీలు కలిపి 220 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2030 నాటికి అందరికీ చేరాలంటే ఏటా 400 కోట్ల డాలర్లు కావాలి. డబ్బు చాలకపోవడం ఒక సమస్య అయితే, వచ్చిన డబ్బు ఏ వంట మీద పెడతారన్నది ఇంకొకటి. ఇథియోపియా ఇంజెరానే చూడండి. పులిసిన టెఫ్ పిండితో, రెండడుగుల వెడల్పు పెనం మీద పోసే పలుచటి పెద్ద అట్టు అది. పెనం 200 డిగ్రీలకు పైగా కాలాలి, వారంలో రెండు మూడుసార్లు ఒక్కో ఇంట్లో పదుల అట్లు పోస్తారు. ఇంటి ఇంధనంలో సగానికి పైగా దీనికే పోతుందని అంచనాలు చెబుతున్నాయి. ప్రెషర్ కుక్కర్ దీనికి ఏ విధంగానూ పనికిరాదు. కరెంటు మితాద్ పెనం చాలా ఏళ్లుగా అడిస్ అబాబాలో వాడుకలో ఉంది, కాకపోతే అది ఒక్కటే మూడున్నర కిలోవాట్ల దాకా లాగుతుంది. 2025 సెప్టెంబరులో ప్రారంభమైన నీలి నైలు ఆనకట్ట 5,150 మెగావాట్ల సామర్థ్యంతో ఆ దేశానికి కరెంటు కరువు తీర్చవచ్చు. వీధి ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఒకేసారి యాభై మితాద్‌లను మోయలేదు. కాబట్టి పెనం అడుగున వేడిని నిలిపే పొర, మందం తగ్గించిన మట్టిపలక, వేడి పోకుండా మూసే మూత, మధ్యాహ్నపు కరెంటుకు తక్కువ ధర అన్న నాలుగూ ఇప్పుడు అక్కడి ఇంజనీర్ల ముందున్న పని.